పదకొండు వైర్ల కేబుల్

పోయిన వారం అటక మీద సామాను సర్దుతుంటే నల్ల బ్యాగు ఒకటి చేతికి తగిలింది. బరువును బట్టే తెలిసిపోయింది లోపల ఏముందో. జిప్పు తుప్పు పట్టి సగంలో ఆగిపోతే మిగతా సగం బలవంతంగా లాగాను. మా 486 ల్యాప్‌టాప్! తిరగేసి చూస్తే అడుగున టేపుతో అంటించిన చిన్న కాగితం ఇంకా అలాగే ఉంది, టేపు పసుపు రంగుకి తిరిగింది కానీ ఊడలేదు. దాని మీద అన్నయ్య చేతిరాత: "సెటప్ స్లాష్ ఎన్‌ఎమ్. మధ్యలో ఆగిపోతే భయపడకు, వైరు పీకి మళ్లీ పెట్టు."

ఆ రెండు ముక్కలు రాయగలగడానికి మా ఇద్దరికీ దాదాపు నెల పట్టింది.

1999లో బాబాయ్ వాళ్ల ఆఫీసులో పాత మెషిన్లు తీసేస్తుంటే అది మా ఇంటికొచ్చింది. "పనికొస్తే వాడుకోండిరా, లేకపోతే విప్పి లోపలేముందో చూసుకోండి" అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు బాబాయ్. 486 డీఎక్స్2 ప్రాసెసర్, వేగం 50 మెగాహెర్ట్జ్, ర్యామ్ 12 ఎంబీ, హార్డ్ డిస్క్ 340 ఎంబీ. సీడీ డ్రైవ్ లేదు, ఉన్నదల్లా ఒక ఫ్లాపీ డ్రైవ్. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి ఎప్పుడూ వైరు తగిలించే ఉండాలి, వైరు కాస్త కదిలిందా మొత్తం ఆరిపోయేది. స్క్రీను పాతకాలపు ఎల్‌సీడీ, ట్రాక్‌బాల్ కొంచెం వేగంగా తిప్పితే బాణం గుర్తు నీళ్లలో మునిగిన చేపలా మాయమై ఇంకెక్కడో తేలేది. విండోస్‌లో మౌస్ ట్రెయిల్స్ అని ఒక సెట్టింగు ఉంటుంది కదా, బాణం వెనక బాణాల తోక వచ్చేది, చాలామంది దాన్ని సరదా కోసం పెట్టారనుకుంటారు, అది ఇలాంటి స్క్రీన్ల కోసమే పెట్టింది.

అందులో డాస్ 6.22 (కమాండ్లు టైపు చేసి నడిపే పాత ఆపరేటింగ్ సిస్టమ్), విండోస్ 3.1 ఉన్నాయి. ఇంట్లో డెస్క్‌టాప్ ఒకటుంది, దాంట్లో విండోస్ 98, కానీ దాని ముందు ఎప్పుడూ అన్నయ్యే కూర్చునేవాడు. ఈ ల్యాప్‌టాప్ మాత్రం నాది అన్నారు. నాదే అయినప్పుడు అందులోనూ 98 ఉండాలని నా పట్టు. ఎందుకంటే నన్నడిగితే ఒక్కటే కారణం, ఫైలు పేర్లు. డాస్‌లో, 3.1లో పేరుకి ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు, అంతే. నేను రాసుకునే ప్రతిదానికీ పేరు పెట్టాలంటే నరికి నరికి ఆఖరికి నాకే అర్థం కాని ముక్క మిగిలేది. 98లో 255 అక్షరాల దాకా పేరు పెట్టుకోవచ్చు. చిన్న విషయమే, కానీ ఆ వయసులో నాకది చాలా పెద్ద విషయం.

98 కావాలంటే కనీసం 486 డీఎక్స్, 66 మెగాహెర్ట్జ్, 16 ఎంబీ ర్యామ్ ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ పెట్టిన నిబంధన. మాది రెండింటిలోనూ తక్కువే. అడిగిన ప్రతివాళ్లూ "దాంట్లో ఎక్కదు, వదిలెయ్" అన్నారు. అన్నయ్య మాత్రం వాళ్లు చెప్పింది విని ఇంటికొచ్చాక నాతో ఒక మాట అన్నాడు, నేను ఇప్పటికీ ఏ మెషిన్ దగ్గర కూర్చున్నా అదే అడుగుతాను. "ఒరేయ్, అది చెయ్యలేనంటోందా, చెయ్యనంటోందా? ముందు అది తేల్చుకోవాలి."

మొదట మాత్రం 98 దాకా పోకుండా 95తో మొదలుపెట్టాం. అన్నయ్య ఫ్రెండు దగ్గర విండోస్ 95 ఫ్లాపీల సెట్టు ఉంది, మొత్తం 13. దానికి 386 ప్రాసెసర్, 4 ఎంబీ ర్యామ్ చాలు కాబట్టి అర్హత గొడవే లేదు. ఒక్కో ఫ్లాపీ పెట్టడం, గరగరమని చదవడం, తీసి ఇంకోటి పెట్టడం. ఆ చప్పుడు వింటుంటే కాసేపటికే అలవాటైపోయింది, సాఫీగా చదువుతోందా, ఒకేచోట తడుముకుంటోందా అన్నది స్క్రీను చూడకుండానే చెప్పేసేవాణ్ణి. 10 ఫ్లాపీలు బాగానే వెళ్లాయి. 11వది తడుముకుంది. మళ్లీ ప్రయత్నించమంటే మళ్లీ తడుముకుంది. డెస్క్‌టాప్ డ్రైవులో పెట్టి కొత్త ఫ్లాపీలోకి డిస్క్‌కాపీ చేద్దామంటే అదీ కుదరలేదు. పోనీ బాగున్న 10వది కాపీ చేసి చూద్దామంటే అదీ కాలేదు!

దానికి కారణం చాలా రోజుల తర్వాత తెలిసింది. మామూలు ఫ్లాపీలో ట్రాకు అనే ఒక్కో గుండ్రటి వరసకి సెక్టార్లనే చిన్న గదులు 18 ఉంటాయి, అలా 1.44 ఎంబీ పడుతుంది. ఆ సెట్టులో మొదటిది తప్ప మిగతావన్నీ డీఎంఎఫ్ అనే పద్ధతిలో ట్రాకుకి 21 సెక్టార్లు కుక్కి రాసినవి, ఒక్కోదాంట్లో 1.68 ఎంబీ. ఫ్లాపీల సంఖ్య తగ్గుతుంది, పైగా మామూలు కాపీ కమాండుకి లొంగవు. మేమేమో సెట్టు మొత్తం పాడైపోయిందనుకుని జాగ్రత్తగా తిరిగిచ్చేశాం. ఆ ఫ్లాపీలు మళ్లీ మా కథలోకి వస్తాయని అప్పుడు తెలీదు.

ఇక మిగిలింది 98 సీడీ. దానికి 340 ఎంబీ సరిపోదు, సెటప్ ఫైళ్లకే వంద ఎంబీ పైన కావాలి, ఆ పైన విండోస్‌కి చోటు. అదే ఫ్రెండు చెడిపోయిన ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 2 జీబీ డిస్క్ ఇచ్చాడు. నాలుగు మరలు విప్పి పాతది తీసి కొత్తది పెట్టాం, సరిగ్గా పట్టింది, ఆన్ చేస్తే బయోస్ (మెషిన్ లేవగానే అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రాము) దాన్ని 504 ఎంబీ అని చూపించింది. పావు వంతు! డిస్క్ మంచిదే, బయోసూ మంచిదే, మరి మిగతాదేమైంది? అన్నయ్య కాగితం మీద లెక్క వేసి చూపించాడు. బయోస్ లెక్కలో సిలిండర్లు (డిస్క్ మీది గుండ్రటి వరసలు) 1024 దాటకూడదు, హెడ్లు (వాటిని చదివే తలలు) మాత్రం 256 దాకా ఉండొచ్చు. మా డిస్క్ ఐడీఈ రకం, దాని లెక్కలో సిలిండర్లు ఎన్నైనా వేలల్లో ఉండొచ్చు, హెడ్లు 16 దాటకూడదు. రెండూ కలిసి పని చెయ్యాలంటే ప్రతిదాంట్లోనూ ఏది తక్కువైతే అదే తీసుకోవాలి: 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, సెక్టారుకి 512 బైట్లు. గుణించుకుంటే సరిగ్గా 504 ఎంబీ. విడివిడిగా చూస్తే రెండూ గట్టివే, ఇద్దరు ఉదారులు కలిసి పిసినారి సంసారం చేసినట్టు అయింది. దీన్ని దాటడానికి బూట్ అయ్యేటప్పుడే లోడయ్యే ప్రోగ్రాములు ఉండేవి, కానీ మాకు 504 చాలు, వదిలేశాం. డాస్ 6.22 మూడు ఫ్లాపీలతో ఎక్కించుకున్నాం.

ఇప్పుడు సీడీలో ఉన్నది దీంట్లోకి ఎలా తేవాలి? ల్యాప్‌టాప్ డిస్క్‌ని డెస్క్‌టాప్‌కి తగిలించొచ్చు కానీ దాని కనెక్టరుకి 44 పిన్నులు, డెస్క్‌టాప్ దానికి 40, మధ్యలో పెట్టే అడాప్టర్ మా దగ్గర లేదు. అన్నయ్య డాస్ పుస్తకంలో ఒక దారి పట్టుకున్నాడు. ఎంఎస్-డాస్ 6తో ఇంటర్‌లింక్, ఇంటర్‌సర్వర్ అని రెండు ప్రోగ్రాములు వచ్చేవి. ఒక కంప్యూటర్లో ఇంటర్‌సర్వర్ నడిపి, రెండో దాంట్లో డాస్ మొదలవగానే చదువుకునే కాన్ఫిగ్ డాట్ సిస్ అనే ఫైల్లో ఇంటర్‌లింక్ లైను చేర్చి రీస్టార్ట్ చేస్తే, అవతలి దాని డ్రైవులు ఇవతల ఇంకో అక్షరంతో కనిపిస్తాయి. మధ్యలో కావాల్సింది రెండు ప్రింటర్ పోర్టుల్ని కలిపే కేబుల్. (ఫ్లాపీ డ్రైవ్ కూడా లేని మెషిన్ అయితే సీరియల్ కేబుల్లోంచి ఈ ప్రోగ్రాము తనని తనే అవతలికి కాపీ చేసుకోగలదు. అంత ఆలోచించి రాసినవాళ్లంటే నాకు ఇప్పటికీ గౌరవం.)

ఆ కేబుల్ మేమే చేశాం. రెండు 25 పిన్నుల కనెక్టర్లు, మధ్యలో రంగురంగుల సన్నటి వైర్లున్న ఒక మీటరు కేబుల్. 25 పిన్నుల్లో అన్నీ అక్కర్లేదు, 11 వైర్లు చాలు. ఇటు 2 అటు 15కి, 3 అటు 13కి, 4 అటు 12కి, 5 అటు 10కి, 6 అటు 11కి, మళ్లీ అటు నుంచి ఇటు అదే వరసలో ఇంకో ఐదు, ఆఖరికి 25 నుంచి 25కి గ్రౌండు. ప్రింటర్ పోర్టులో డేటా పిన్నులు ఎనిమిదీ బయటికి పంపడానికి పెట్టినవి, లోపలికి వినడానికి ఉన్నవి ఐదే, అవి ప్రింటర్ తన బాధలు చెప్పుకోవడానికి పెట్టిన పిన్నులు: పనిలో ఉన్నాను, కాగితం అయిపోయింది, ఏదో తప్పు జరిగింది, ఇలాంటివి. అందుకని ఇటు డేటా పిన్నుల్ని అటు ఆ ఐదింటికి కలిపితే ఒకసారికి నాలుగు బిట్లు వెళ్తాయి, ఐదోది "అందిందా, అందింది" అనుకోవడానికి. ఒక బైటుకి రెండు విడతలన్నమాట. కాగితం అయిపోయిందని చెప్పడానికి పెట్టిన పిన్నులోంచి మా ఇంట్లో విండోస్ 98 నడిచొచ్చింది.

సోల్డరింగ్ అన్నయ్య చేశాడు. నా పని టార్చి పట్టుకుని కనెక్టరు వెనక ప్లాస్టిక్ మీద ఆవగింజంత అంకెలు చదవడం. "ఇటు 4" అంటే "అటు 12" అనేవాణ్ణి. తను వైరు కొన పళ్లతో ఒలిచి, మెలిపెట్టి, పిన్ను గుంటలో పెట్టి ఐరన్ ఆనించేవాడు, సన్నగా పొగ లేచి లెడ్ కరిగి గుండ్రంగా మెరిసేది. మెరవకుండా మసకగా గడ్డకడితే ఆ అతుకు పనికిరాదు, మళ్లీ చెయ్యాలి. 11 వైర్లకి 22 అతుకులు. అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం సాయంత్రమైంది. తీరా తగిలిస్తే ఏమీ కనిపించలేదు. విప్పి చూస్తే 12కీ 13కీ మధ్య వెంట్రుకంత లెడ్ అంటుకుని ఉంది. బ్లేడు కొనతో గీకేశాం. రెండోసారి ఆన్ చేస్తే ల్యాప్‌టాప్ స్క్రీను మీద కొత్త డ్రైవుల అక్షరాలు వరసగా వచ్చాయి! అన్నయ్య నా వీపు మీద ఒక్కటి చరిచాడు, ఆ దెబ్బ ఇప్పటికీ గుర్తుంది.

అక్కడా ఒక చిక్కు వచ్చింది. ఇంటర్‌సర్వర్‌కి సీడీ డ్రైవ్ కనిపించదు, హార్డ్ డిస్కులూ ఫ్లాపీలూ మాత్రమే పంచుతుంది. ముందు సీడీలోని విన్98 ఫోల్డర్ మొత్తం డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాం. డెస్క్‌టాప్‌ని డాస్ 6.22 ఫ్లాపీతో బూట్ చెయ్యాలి, ఆ డాస్‌కి డిస్క్ మీద ఫైళ్లు అమర్చే కొత్త పద్ధతి ఫ్యాట్32 తెలీదు, మా అదృష్టం బాగుండి రెండో డ్రైవ్ పాత పద్ధతి ఫ్యాట్16లో ఉంది. ఇక కాపీ మొదలైంది. ఒక్కో క్యాబ్ ఫైలు (విండోస్ ముక్కల్ని కుదించి పెట్టిన ఫైలు) పేరు కిందకి జారుతూ ఉంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. వైరు కదిలితే మొత్తం పోతుందని ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వలేదు.

సెటప్ కొట్టాం. వెంటనే ఆపేసింది. ప్రాసెసర్ చాలదని చెప్పి బయటికి తోసేసింది. ఇదంతా చేసి ఇక్కడికొచ్చాక అంత మాటంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. అన్నయ్య మాత్రం నెమ్మదిగా అన్నాడు, "చూడు, ఇది ఒక్క క్షణంలో చెప్పేసింది. ప్రయత్నించి ఓడిపోయి చెప్పింది కాదు. అంకె చూసి చెప్పింది." రెండు రోజులు నలుగుర్ని అడిగి ఆ మూడు ముక్కలు పట్టుకొచ్చాడు: సెటప్ తర్వాత ఖాళీ వదిలి స్లాష్ ఎన్‌ఎమ్. అది పెడితే సెటప్ ప్రాసెసర్ వేగం, ర్యామ్ చూడకుండా ముందుకెళ్తుంది. వెళ్లింది! నీలం తెర వచ్చింది, ఎడమ పక్కన పనుల జాబితా, కింద ఇంకా ఎన్ని నిమిషాలో అంచనా. ఆ అంచనా మా మెషిన్ని చూసి వేసింది కాదు, అది చెప్పిన నిమిషాలు మాకు గంటలయ్యాయి, అయినా పర్లేదనిపించింది.

అసలు పరీక్ష హార్డ్‌వేర్ వెతికే దశలో వచ్చింది. మెషిన్లో ఏ కార్డులున్నాయో ఒక్కోటే తడుముతూ పోతుంది, గీత కొంచెం కొంచెం నిండుతుంది, డిస్క్ లైటు మిణుకుమిణుకుమంటుంది. ఒకచోట లైటు ఆగిపోయింది. పది నిమిషాలు, పావుగంట, అరగంట. టెన్షన్‌తో నా చేతులు చల్లబడ్డాయి. కంప్యూటర్ మధ్యలో ఆపకూడదు, వైరు పీకకూడదు అని మాకు మొదటి రోజు నుంచీ చెప్పారు కదా, మరిప్పుడు ఏం చెయ్యాలి? స్క్రీను మీదున్న మాటలు అన్నయ్య మళ్లీ చదివాడు. చాలాసేపు కదలిక లేకపోతే కంప్యూటర్ ఆపేసి మళ్లీ ఆన్ చెయ్యమనే ఉంది అందులో. కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కాదు, పూర్తిగా ఆపాలి, కరెంటు పోతే తప్ప చిక్కుకున్న చిప్పు మామూలు స్థితికి రాదు. బ్యాటరీ లేదు కాబట్టి ఆపడమంటే వైరు పీకడమే.

పీకాం. పెట్టాం. సెటప్ మళ్లీ లేచి, ఇంతకు ముందు సగంలో ఆగినట్టుంది, అక్కడి నుంచి కొనసాగనా అని అడిగింది. సరే అన్నాం. గీత మళ్లీ నిండుతూ వచ్చి ఇంతకు ముందు ఆగిన చోటు దాటేసింది! తర్వాత తెలిసింది ఎలాగో. ప్రతి అడుగుకీ ముందు అది డెట్‌క్రాష్ డాట్ లాగ్ అనే చిన్న ఫైల్లో, నేనిప్పుడు ఫలానాది తడమబోతున్నాను అని రాసుకుంటుంది. పడిపోయి లేచాక ఆ ఫైలు ఇంకా ఉందంటే ఆ అడుగులోనే పడిందని అర్థం, ఈసారి ఆ అడుగు వదిలేసి ముందుకెళ్తుంది. మొత్తం పని క్షేమంగా అయిపోతే ఆ ఫైల్ని తనే తీసేస్తుంది. మా మెషిన్ నాలుగుసార్లు పడింది. నాలుగుసార్లూ వైరు పీకాం. ప్రతిసారీ ఒక అడుగు ముందుకెళ్లింది. తర్వాత డెట్‌లాగ్ డాట్ టీఎక్స్‌టీ తెరిచి వరసగా చదివాం, మా దగ్గర లేని కార్డుల కోసం ఎన్ని చోట్ల వెతికిందో, ఏ తలుపు తట్టినప్పుడు స్పృహ తప్పిందో అంతా అందులో ఉంది. నాకు కంప్యూటర్ల మీద ప్రేమ అన్నది అచ్చంగా ఆ ఫైలు చదివిన రాత్రి మొదలైంది.

రాత్రి చాలా పొద్దుపోయాక ల్యాప్‌టాప్ మీద విండోస్ తెర వచ్చింది. బూట్ అవడానికి నాలుగు నిమిషాలు, స్టార్ట్ నొక్కితే మెనూ రావడానికి ఊపిరి బిగపట్టి ఎదురుచూడాలి, 12 ఎంబీ ర్యామ్ చాలక డిస్క్ లైటు ఆరడమే లేదు. నేను నోట్‌ప్యాడ్ తెరిచి రెండు లైన్లు కొట్టి సేవ్ చేశాను. ఫైలు పేరు: "అన్నయ్యా నేనూ కలిసి ఈ రోజు విండోస్ 98 ఎక్కించాం". పేరు మొత్తం, ఒక్క అక్షరం కొయ్యకుండా.

తర్వాత కొన్ని నెలలకి షేన్ బ్రూక్స్ అనే ఆయన చేసిన 98లైట్ గురించి విన్నాం. విండోస్ 98 లోంచి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని తీసేసి, దాని బదులు విండోస్ 95 తాలూకు తేలికైన ఎక్స్‌ప్లోరర్‌ని (స్టార్ట్ మెనూ, ఫోల్డర్లు చూపించేది) పెట్టే ప్రోగ్రాము అది. దానికి 95 లోంచి మూడు ఫైళ్లు కావాలి: ఎక్స్‌ప్లోరర్, షెల్32, కామ్‌డీఎల్‌జీ32. 95 ఎవరి దగ్గరుంది? మేం తిరిగిచ్చేసిన ఆ 13 ఫ్లాపీలు! మళ్లీ తెచ్చి ఎక్స్‌ట్రాక్ట్ కమాండుతో వెతికాం. మూడూ బాగున్న ఫ్లాపీల్లోనే దొరికాయి. అది పెట్టాక మెషిన్ తీరే మారిపోయింది, స్టార్ట్ మెనూ నొక్కగానే వచ్చేది, డిస్క్ లైటు మధ్యమధ్యలో ఆరేది. ఆ ల్యాప్‌టాప్ మీద నేను నాలుగేళ్లు రాసుకున్నాను.

అన్నయ్య ఉద్యోగానికి వెళ్లిపోయాక ఈ పని ఒక్కణ్ణే చేశాను. 2004లో ఒక సీనియర్ తన పాత యాపిల్ ల్యాప్‌టాప్ పవర్‌బుక్ జీ3 ఇచ్చాడు, 1998 మోడల్, వాల్‌స్ట్రీట్ అంటారు దాన్ని. అందంగా వంపులు తిరిగిన నల్లటి మెషిన్, రెండు పక్కలా బ్యాటరీలో డ్రైవులో మార్చుకునే అరలు, యూఎస్‌బీ లేదు. దానికి మ్యాక్ ఓఎస్ టెన్ 10.2 దాకానే అనుమతి. 10.3 పాంథర్ కావాలంటే బోర్డు మీదే యూఎస్‌బీ ఉన్న మ్యాక్ అయి ఉండాలన్నది యాపిల్ నిబంధన. నాకు అన్నయ్య ప్రశ్న గుర్తొచ్చింది. చెయ్యలేదా, చెయ్యదా?

జవాబు ర్యాన్ రెంపెల్ రాసిన ఎక్స్‌పోస్ట్‌ఫ్యాక్టో అనే ప్రోగ్రాములో దొరికింది. అది మ్యాక్ పాత సిస్టమ్ ఓఎస్ 9 లోంచి నడుస్తుంది, ఓపెన్ ఫర్మ్‌వేర్ (మ్యాక్‌లో బయోస్ లాంటిది) సెట్టింగులు మార్చి, పాత హార్డ్‌వేర్‌కి కావాల్సిన డ్రైవర్లు జోడించి ఇన్‌స్టాల్ సీడీని బూట్ చేయిస్తుంది. ఒక నియమం మాత్రం దాటడానికి వీల్లేదు, ఓఎస్ టెన్ డిస్క్‌లో మొదటి 8 జీబీ లోపలే ఉండాలి. నా 20 జీబీ డిస్క్‌ని మళ్లీ ముక్కలు చేసి, మొదటి ముక్క ఏడున్నర జీబీ పెట్టి, అంతా మొదటి నుంచి చేశాను. చేసే ప్రతి పనీ తెర మీద రాసి చూపించే వెర్బోస్ మోడ్ పెట్టి రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తి పరుగెత్తి ఒక లైను దగ్గర ఆగాయి, రూట్ డివైస్ కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను అని. కాసేపాగి మళ్లీ అదే లైను. మళ్లీ అదే. సీడీ కనిపించట్లేదన్నమాట. డ్రైవుని అరలోంచి బయటికి లాగి, కాంటాక్టులు తుడిచి, టక్కుమనేదాకా తోసి మళ్లీ ఆన్ చేశాను. ఈసారి ఆ లైను రాలేదు. మూడు సీడీలు, ఒక రాత్రి. తెల్లారేసరికి తెర అడుగున ప్రోగ్రాముల బొమ్మల వరస, డాక్, కనిపించింది.

కానీ ఇక్కడ "చెయ్యలేను" కూడా చూశాను. ఆ మెషిన్లోని పాత ఏటీఐ చిప్‌కి ఓఎస్ టెన్‌లో గ్రాఫిక్స్ ఆక్సిలరేషన్ (బొమ్మల పని ప్రాసెసర్ బదులు ఆ చిప్పే చెయ్యడం) లేదు. విండో మినిమైజ్ చేస్తే డాక్ లోకి జారాల్సింది ముక్కలు ముక్కలుగా దూకేది, ఓఎస్ 9లో చక్కగా ఆడే వీడియో ఇక్కడ నత్తనడక నడిచేది. ఎంత ర్యామ్ వేసినా అది మారదు, దానికి కావాల్సిన డ్రైవరే ఎవరూ రాయలేదు. పాపం అది నిజంగానే చెయ్యలేదు. రాతకోతలకి పాంథర్, వీడియోలకి ఓఎస్ 9 అని రెండూ ఉంచుకున్నాను. ఒకసారి తెలిసినాయన వచ్చి ఏదో సమస్యకి కమాండ్ ఆప్షన్ పీ ఆర్ నొక్కి పీర్యామ్ (మ్యాక్ తన సెట్టింగులు దాచుకునే మెమరీ) రీసెట్ చేశాడు, దాంతో ఓపెన్ ఫర్మ్‌వేర్‌లో దాచిన సెట్టింగులన్నీ పోయి నేరుగా ఓఎస్ 9 లోకి వెళ్లిపోయింది. నాకు భయమేమీ వెయ్యలేదు, ఎక్స్‌పోస్ట్‌ఫ్యాక్టో తెరిచి మళ్లీ పాంథర్‌ని ఎంచుకున్నాను, అంతే.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకో యాపిల్ ల్యాప్‌టాప్, ఐబుక్ జీ4. 800 మెగాహెర్ట్జ్. 2007లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్ లెపర్డ్‌కి 867 మెగాహెర్ట్జ్ జీ4 కావాలన్నారు. 67 తక్కువ! కమాండ్ ఆప్షన్ ఓ ఎఫ్ పట్టుకుని ఆన్ చేస్తే ఓపెన్ ఫర్మ్‌వేర్ వస్తుంది, తెల్ల తెర మీద ఒక సున్నా, దాని పక్కన బాణం. మూడు లైన్లు కొట్టాలి. మొదటిది ప్రాసెసర్ వివరాలున్న చోటికి తీసుకెళ్తుంది, రెండోది క్లాక్ ఫ్రీక్వెన్సీ 867000000 అని రాస్తుంది, మూడోది డీవీడీ నుంచి బూట్ చేస్తుంది. మెషిన్ వేగం ఒక్క హెర్ట్జ్ కూడా పెరగదు, ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు చెప్పే అంకె మాత్రం మారుతుంది, రీస్టార్ట్ చెయ్యగానే మళ్లీ 800 అని నిజమే చెబుతుంది. లెపర్డ్ ఆ 800 మీద హాయిగా నడిచింది. ఆ రోజు అన్నయ్యకి ఫోన్ చేసి "చెయ్యనన్నదే అన్నయ్యా, చెయ్యలేననలేదు" అన్నాను. ఏ మెషిన్ అని కూడా అడగలేదు, పకపకా నవ్వాడు.

పోయిన వారం సంగతికొస్తాను. 486కి అడాప్టర్ తగిలించాను. లోపలి చిన్న బ్యాటరీ పోయి తేదీ 1980 చూపించింది, బయోస్‌లో డిస్క్ వివరాలు మళ్లీ కొట్టాల్సి వచ్చింది, 1024, 16, 63, చూడకుండానే కొట్టాను. డిస్క్ కాస్త కీచుమని తిరిగింది. నాలుగు నిమిషాల తర్వాత విండోస్ తెర వచ్చింది, నా పొడుగు పేరు ఫైళ్లన్నీ ఉన్నాయి. డిస్క్ ఎన్నాళ్లుంటుందో తెలీదు కాబట్టి అవి బయటికి తీసుకోవాలి. ప్రింటర్ పోర్టున్న పాత డెస్క్‌టాప్ ఇంకా ఉంది, బ్యాగు జేబులో మా కేబులూ ఉంది. తగిలించాను. అవతలి డ్రైవ్ కనిపించలేదు.

కనెక్టరు మూత విప్పితే వైర్లు నాలుగైదు అతుకులు వదిలి వేలాడుతున్నాయి, ఏది దేనికో తెలీట్లేదు. సోల్డరింగ్ ఐరన్ వేడికి పెట్టి అన్నయ్యకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. "మన కేబుల్ ఊడింది అన్నయ్యా."

"ఏది, ప్రింటర్ పోర్టుదా? ఐరన్ వేడెక్కిందా?"

"ఎక్కింది."

"టార్చి దగ్గర పెట్టుకో. అంకెలు ఆవగింజంత ఉంటాయి" అన్నాడు. తర్వాత ఎక్కడా తడుముకోకుండా, నేను ఒక్కో అతుకూ పెట్టి మెరుపు చూసుకుని ఊ అనేదాకా ఆగుతూ, వరసగా చెప్పుకుంటూ పోయాడు. 2కి 15. 3కి 13. 4కి 12. 5కి 10. 6కి 11. ఇప్పుడు అటు నుంచి. 15కి 2, 13కి 3, 12కి 4, 10కి 5, 11కి 6.

"12కీ 13కీ మధ్య చూసుకో, లెడ్ అంటుకుంటుంది" అన్నాడు.

చూశాను, అంటుకోలేదు.

"ఆఖరిది 25కి 25" అన్నాడు.